ఒంటరిగా పనిచేయువారి క్షేమము

మన నేతపని మొదటినుండియు పదిమంది చేతులమీద నడచినది. కండెలు చుట్టువారు ఒకరు, పడుగు తోడువారు ఒకరు, అచ్చు అతుకువారు వేరొకరు. వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టునపుడు ఇరుగుపొరుగువారందరును. మగ్గముమీద కూర్చున్నవాడు ఒక్కడే అయినను పక్కనే రాట్నము తిరుగుచుండెడిది. వంటయింటి మాటలు వినబడుచుండెడివి. నాడె చప్పుడు చాలసేపు ఆగినచో, "ఏమి, ఆపితివి?" అని అడుగువారు ఇంటిలో ఉండెడివారు. ఆ అడుగుటయే గొప్ప కాపుదల. దానికి ఎవరును పేరు పెట్టలేదు, నియమము వ్రాయలేదు. ఆ అవసరము రాలేదు.

ఇప్పుడు ఆ అవసరము వచ్చినది. సోలాపురములోను, భివండీలోను రాత్రిపాళీలో ఒక్క మనిషియే నాలుగు మొదలు ఎనిమిది సాంచాలవరకు చూచుకొనుట సామాన్యమైనది. అద్దకపు షెడ్డులో తెల్లవారుజామున పొయ్యి రాజేసి తొట్టి కాచువాడు తక్కినవారు వచ్చువరకు ఒక్కడే ఉండును. బరంపురములోను, సేలములోను, మరి యెన్నో ఊళ్లలోను పిల్లలు చదువులకు, ఉద్యోగములకు వెళ్లిపోగా, ఇంటిలో మిగిలిన పెద్దవారు ఒంటరిగనే మగ్గము నేయుచున్నారు. మధ్యాహ్నపువేళ ఇంటిలో కండెల యంత్రము నడపు ఆడపడుచు కూడ ఒంటరి పనివారిలోనిదే. యానాము మొదలు సోలాపురమువరకు మనవారు ఏ ఊర నున్నను ఈ మార్పు కొంతయో గొప్పయో వచ్చినదే. కావున ఒంటరిగా పనిచేయువారి క్షేమము ఎట్లు చూడవలెనో ఆలోచించుట మన సంఘముల కర్తవ్యము.

దెబ్బకన్న ఆలస్యమే చేటు

మొదట ఒక విషయము గ్రహించవలెను. ఒంటరివానికి వచ్చు ప్రమాదములు వేరుజాతివి కావు. కరెంటు కొట్టుట, నాడె ఎగిరి తగులుట, పట్టీలో బట్ట చిక్కుట, వేడినీరు పొర్లుట — ఇవి పదిమందిలో ఉన్నవానికిని వచ్చునవే. భేదమెక్కడనగా, పదిమందిలో ఉన్నవానికి ప్రమాదము జరిగిన నిమిషముననే మెయిన్ స్విచ్చి తీయువారుందురు. ఒంటరివానికి ఆ చేయి తెల్లవారిన తరువాత గాని రాదు.

ఆ మధ్యకాలము విలువ ఎంతయో చూడుడు. కరెంటు దెబ్బకు గుండె ఆగినచో, నాలుగు నిమిషములు దాటునప్పటికి మెదడు దెబ్బతినుట మొదలగును. పెద్ద రక్తనాళము తెగినచో కొద్ది నిమిషములలోనే ప్రాణముమీదికి వచ్చును. కాస్టిక్ సోడా కంటిలో పడినచో, కడుగుటకు ఆలస్యమైన ప్రతి నిమిషమును చూపును తినివేయును. వీటిలో దేనికిని "ఉదయము చూతము" అనుటకు వీలు లేదు. కావున ఒంటరి పనివాని క్షేమమనగా ముఖ్యముగా ఇది: అతనికి ఏదైన జరిగినచో, ఎంతసేపటిలో ఇంకొక మనిషికి తెలియును? ఆ వ్యవధిని తగ్గించుటయే మనము చేయవలసిన పని.

సాంచాల షెడ్డులో ఇంకొక చిక్కు కలదు. అక్కడి చప్పుడు తరచు 90 డెసిబెళ్లకు మించియుండును. పక్క షెడ్డులో పదిమంది ఉన్నను ఇక్కడ వేసిన కేక అక్కడికి వినబడదు. షెడ్డుల వరుస నడుమ ఉన్నవాడు కూడ ఆ విధముగా ఒంటరివాడే. "పక్కన మనుషులున్నారు గదా" అను ధైర్యము చాలదు.

ఒంటరిగా చేయరాని పనులు

కొన్ని పనులు ఎంత నేర్పరి అయినను, ఎంత తొందర అయినను, రెండవ మనిషి లేక చేయరాదు. అవి ఐదు.

మొదటిది, తొట్టిలోనికి, గుంటలోనికి దిగుట. అద్దకపు మురుగు నిలిచిన గుంటలలో విషవాయువు పుట్టును. కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన గల ఆ వాయువు ఎక్కువైనచో వాసన పట్టు శక్తినే చంపివేయును. కావున "వాసన పోయినది, భయము లేదు" అనుకొన్నవాడే పడిపోవును. వానిని తీయబోయి దిగినవాడును పడిపోవును. ఇట్టి ప్రమాదములలో రక్షింపబోయినవారు మరణించుట దేశమంతట పలుమార్లు జరిగినది. గాలి పరీక్షించి, ఊపిరికి తగిన సాధనము పెట్టుకొని, నడుమునకు పట్టీయు త్రాడును కట్టుకొని, ఆ త్రాటి కొన పైనున్నవాని చేతిలో ఉండగా మాత్రమే దిగవలెను. అట్టి సాధనములు లేనివారు దిగకయే పంపుతో తోడించుకొనుట మేలు.

రెండవది, కరెంటు పని. ఫ్యూజు కట్టుట, మోటారు తీగలు సరిచేయుట మెయిన్ స్విచ్చి తీయక చేయరాదు. తీసిన స్విచ్చిని తెలియనివాడెవడైన తిరిగి వేయకుండ ఒకడు దానివద్ద నిలిచియుండవలెను.

మూడవది, నడచుచున్న యంత్రములో చేయి పెట్టుట. పట్టీ జారినను, నూనె వేయవలసినను సాంచా ఆపియే చేయవలెను. జాబరు లేని వేళ మరమ్మతు చేయబూనరాదు; ఆ ఒక్క సాంచా ఉదయమువరకు ఆగియుండుటవలన వచ్చు నష్టము కొద్ది మీటర్ల బట్ట మాత్రమే. భుజముమీది తువాలు, వ్రేలాడు లుంగీ కొంగు, చీర చెంగు, విడిచిన జుట్టు — ఇవి పట్టీలకును, కండెల యంత్రమునకును తోలి ఎర. దోపుకొని, ముడివేసికొని కూర్చుండవలెను.

నాలుగవది, ఘాటైన రసాయనముల కలుపుట. కాస్టిక్ సోడాను నీటిలో కొంచెము కొంచెముగా వేయవలెనే గాని, సోడామీద నీరు పోయరాదు. పోసినచో ఒక్కసారిగా కాగి మొగముమీదికి చిమ్మును. హైడ్రోస్ డబ్బాలో తడి చేరినచో వేడెక్కి నిప్పంటుకొనవచ్చును. బ్లీచింగు పౌడరును ఆమ్లముతో కలిపినచో క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి పట్టివేయును. గంధకపు రంగులకు వాడు సోడియం సల్ఫైడులో ఆమ్లము పడినచో పైన చెప్పిన కుళ్లు వాసన వాయువే పుట్టును. ఇవి కలుపు వేళ ఒకడు దూరముగా నిలిచి చూచుచుండవలెను. దగ్గరలోనే నీళ్ల కుళాయి ఉండవలెను.

ఐదవది, షెడ్డు కప్పుమీదికి ఎక్కుట. వానకాలమునకు ముందు రేకులు సరిచేయుటకు మనవారే ఎక్కుచుందురు. సిమెంటు రేకు పాతబడినచో మనిషి బరువు ఓర్వదు. దూలమునకు అడ్డముగా పలక వేసికొని, క్రింద ఒకనిని నిలిపియే ఎక్కవలెను.

తక్కిన పనులకు కట్టడి

ఈ ఐదును విడిచినచో, తక్కిన నేతపని అంతయు ఒంటరిగా చేయదగినదే, చేయక తప్పనిదియు. దానికి రెండవ కూలి పెట్టుమని ఈ వ్యాసము చెప్పుట లేదు. ఒక్క మనిషి కూలియే గిట్టుబాటు కాని రోజులలో అది చెప్పినను వినువారుండరు. కాని ఖర్చు లేని కట్టడి ఒకటి కలదు. ప్రతి ఒంటరి పనివాని విషయములోను మూడు ప్రశ్నలకు జవాబు సిద్ధముగా ఉండవలెను. అతడు ఎక్కడ ఉన్నాడో ఎవరికి తెలియును? ఎప్పటికి పని ముగియవలెనో ఎవరికి తెలియును? ఆ వేళకు జవాబు రానిచో ఎవరు కదలవలెను?

దీనికి పక్కపక్క షెడ్డులు రెండింటిని జోడించుట మంచి పద్ధతి. రాత్రిపాళీలో రెండు షెడ్డులవారును గంటకొకసారి ఒకరినొకరు కంటితో చూచుకొనవలెను. అది కుదరనిచో సెల్‌ఫోనుకు ఒక పిలుపు చాలును. చప్పుడులో మ్రోత వినబడదు కావున ఫోను అదురునట్లు పెట్టి జేబులో ఉంచుకొనవలెను. పిలుపునకు జవాబు రానిచో ఐదు నిమిషములలో మరల పిలువవలెను. అప్పటికిని రానిచో లేచి పోవలెను. "నిద్రపోయి ఉండును" అనుకొని ఊరకుండరాదు. నిద్రపోయినవానిని లేపుటవలన నష్టము లేదు. పడిపోయినవానిని నిద్రపోయినాడని విడిచినచో ప్రాణము పోవును.

ఈ పిలుపులకు పట్టు నిమిషములను యజమాని లెక్కలోనికి తీసికొనరాదు. మన కూలి చాలచోట్ల మీటరుకు ఇంత అని కట్టునదే. సాంచా వదలి లేచినచో తన కూలి తగ్గునని భయపడువాడు పక్క షెడ్డు తొంగిచూడడు. కట్టడి నిలువవలెనన్నచో యజమాని నోటితో ఈ మాట ముందుగనే చెప్పవలెను.

షెడ్డు ద్వారమువద్ద ఒక పలక వ్రేలాడదీయవలెను. వచ్చినవాడు తన పేరును, వచ్చిన వేళను, ముగియు వేళను వ్రాయవలెను; పోవునపుడు చెరుపవలెను. చెరుపని పేరు కనబడినచో లోపల మనిషి ఉన్నాడని అర్థము. చప్పుడున్న షెడ్డులకు వీధివైపున ఒక ఎర్రదీపము పెట్టించి, దాని స్విచ్చిలు రెండు లోపల రెండు కొనలయందును అందుబాటులో ఉంచినచో, కేక పోని చోటికి వెలుగు పోవును. కరెంటు పోయినపుడును వెలుగునట్లు దానిని బ్యాటరీమీద నడపవలెను.

తలుపు సంగతి

ఇక చెప్పవలసిన మాట కొందరు యజమానులకు రుచింపకపోవచ్చును. అయినను చెప్పక తప్పదు. దొంగల భయముచేతనో, పనివాడు బయటికి పోవునన్న అనుమానముచేతనో, రాత్రిపూట బయట తాళము వేయు అలవాటు ఉన్నచోట అది వెంటనే మానవలెను. నూలు, ప్రత్తి ధూళి, గుడ్డపీలికలు నిండిన షెడ్డులో నిప్పు రాజుకొనుటకు ఎంతోసేపు పట్టదు. 1911 మార్చి 25న అమెరికాలో న్యూయార్కు నగరమున ఒక బట్టలు కుట్టు కార్ఖానాలో నిప్పంటుకొన్నపుడు 146 మంది మరణించిరి. బయటికి పోవు తలుపులలో ఒకటి తాళము వేసియుండుట ఆ ఘోరమునకు ఒక ముఖ్యకారణము. మన కండ్లయెదుటనే, 2025 మే 18న తెల్లవారకముందే, సోలాపురములో ఒక తువాళ్ల కార్ఖానాకు నిప్పంటుకొని 8 మంది ప్రాణములు కోల్పోయిరి. అందరును నిద్రించు వేళ పుట్టిన నిప్పు ఎంత గడియలో ఎంత చేయునో దీనివలన తెలియుచున్నది.

దొంగల భయమున్నచో లోపలినుండి గడియ వేసికొనుటకు వీలుండవలెను. తాళపుచెవి లేకయే లోపలివాడు ఒక్క చేతితో తెరచుకొని రాగలుగవలెను. ద్వారమునకు అడ్డముగా బీములు, నూలు మూటలు పేర్చరాదు.

ఊరు పరాయిది, భాష పరాయిది

ఆంధ్ర, తెలంగాణ జిల్లాలనుండి కొత్తగా వచ్చిన కుర్రవానికి ఇంకొక కష్టము కలదు. ఆపదవేళ 112కు గాని 108కి గాని ఫోను చేయుట అతనికి తెలియును. కాని అవతలివారు మరాఠీలోనో, తమిళములోనో, కన్నడములోనో, ఒడియాలోనో "ఎక్కడ?" అని అడిగినచో చెప్పలేక తడబడును. తాను పనిచేయు షెడ్డు ఏ వీధిలో ఉన్నదో, దాని నెంబరేమో చాలమందికి తెలియదు.

కావున ప్రతి షెడ్డులోను ద్వారముపక్కన పెద్ద అక్షరములతో చిరునామా వ్రాయించవలెను: షెడ్డు నెంబరు, వీధి, దగ్గరి గుడియో బడియో గుర్తు, యజమాని ఫోను నెంబరు, జాబరు నెంబరు. చిరునామా ఆ ఊరి భాష మాటలలో ఉండవలెను, కాని తెలుగు లిపిలోకూడ వ్రాయవలెను. అప్పుడు కుర్రవాడు చూచి చదివినను అవతలివారికి అర్థమగును. ఒక గంట పని, ఒక డబ్బా రంగు. ఇంతకన్న చౌకయైన రక్షణ లేదు.

చూచినవాడు చేయవలసినది

పడియున్నవానిని చూచినవాడు తొందరలో తానును పడిపోకూడదు. కరెంటు పట్టుకొన్నవానిని చేతితో ముట్టరాదు; ముందు మెయిన్ స్విచ్చి తీయవలెను. అది అందనిచో, తాను పొడిచోట నిలిచి, పొడి కర్రతో తీగను తొలగించవలెను. శ్వాస లేనిచో వెంటనే 112కు చెప్పి, రొమ్ము నడుమ రెండు చేతులుంచి నిమిషమునకు 100 మొదలు 120 సార్లు, సుమారు రెండంగుళముల లోతున గట్టిగా అదుమవలెను. అంబులెన్సు వచ్చువరకు ఆపరాదు. దీనిని ఒకమారు నేర్చినవారిచేత చేయించి చూచినగాని చేతికి రాదు. ప్రతి పేటలోను సంఘమువారు ఏడాదికొకసారి వైద్యులను పిలిపించి నేర్పించినచో సంఘము సొమ్ము సద్వినియోగమగును.

కాలినచోట సిరా, పసుపు, పళ్లపొడి పూయరాదు. ఇరువది నిమిషములు పారుచున్న చల్లని నీటిక్రింద ఉంచవలెను. రసాయనము కంటిలో పడినను అట్లే నీటితో కడుగుచుండవలెను. ఆ తరువాతనే వైద్యుని వద్దకు. రక్తము కారుచున్నచో శుభ్రమైన బట్ట మడిచి గట్టిగా అదిమి పట్టవలెను. నేతగాని ఇంటిలో బట్టకు కొరత లేదు గదా.

ఇంటి మగ్గములు

గుంటమగ్గము నేయు వృద్ధుల విషయమున పైకట్టడి ఇంకను సులభము. వానకాలములో గుంటలో కాలు పెట్టుటకు ముందు దీపముతో చూచి, కర్రతో తడివి దిగవలెను. పాములు, తేళ్లు చల్లని గుంటలను కోరివచ్చును. పాము కరచినచో కోయుట, పీల్చుట, బిగించి కట్టుట తగదు. కదలక కూర్చుండి, ఎవరినైన పిలిచి, ఆసుపత్రికి పోవలెను. అందుకే ఫోను అటకమీద గాక మగ్గముమీద కూర్చున్నవారి చేతికందుచోట ఉండవలెను. ఉదయమొకసారి, సాయంకాలమొకసారి దూరమున ఉన్న కొడుకో కోడలో ఫోను చేయుట, చేయనిచో పొరుగువారు తలుపు తట్టుట — ఇంతే కట్టడి.

చక్కెరవ్యాధి, మూర్ఛ, గుండెజబ్బు ఉన్నవారిని రాత్రిపాళీలో ఒంటరిగా ఉంచరాదు. అద్దకపు తొట్టివద్ద అసలే ఉంచరాదు. అయితే ఈ జబ్బులు బయటపడినచో పని పోవునని దాచుకొనువారు కలరు. వారిని పనినుండి తీయుట పరిష్కారము కాదు. పగటిపాళీకి మార్చుట పరిష్కారము. యజమాని అట్టి నమ్మకము కలిగించిననాడే పనివాడు నిజము చెప్పును.

చట్టము ఎంతవరకు?

"ఇదంతయు ప్రభుత్వము చూడవలసినది గదా" అని కొందరనవచ్చును. 1948 ఫ్యాక్టరీల చట్టములోనే తొట్టిలోనికి దిగువానికి త్రాడు ఉండవలెననియు, తలుపులు లోపలినుండి వెంటనే తెరచుటకు వీలుగా ఉండవలెననియు వ్రాసియున్నది. కాని కరెంటుతో నడచుచోట 10 మంది, కరెంటు లేనిచోట 20 మంది పనివారుండినగాని ఆ చట్టము సాధారణముగా వర్తింపలేదు. దాని స్థానమున 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా సంహిత 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. అందులో ఫ్యాక్టరీ అనిపించుకొనుటకు ఆ సంఖ్యలు 20, 40గా పెరిగినవి. మన షెడ్డులలో, మన ఇండ్లలో అంతమంది ఎక్కడ? చట్టము తలుపు తట్టునని మనము ఎదురుచూచుట వృథా.

అయినను చట్టము వర్తింపనంత మాత్రమున ప్రాణము విలువ తగ్గదు. మన చిన్న కార్ఖానాలలో యజమానియు పనివాడును తరచు ఒకే పేటవారు, ఒకే కులమువారు, ఒక్కొక్కచోట బంధువులు కూడ. ఎవరికి ఏది జరిగినను ఆ యింటిముందు నిలువవలసినవారము మనమే. సంఘములు ఈ మాసపు సమావేశములలోనే ఈ విషయము చర్చకు పెట్టి, పేటలోని షెడ్డులను జోడించి, ఏ షెడ్డు ఏ షెడ్డును చూచుకొనవలెనో పట్టిక వ్రాయించి అతికించవలెనని మనవి. తలుపులు, చిరునామా పలకలు, మెయిన్ స్విచ్చిలు ఎట్లున్నవో ఇద్దరు పెద్దలు తిరిగి చూచినచో ఒక్క ఆదివారములో తెలిసిపోవును. మగ్గము ఆగినపుడు "ఏమి, ఆపితివి?" అని అడుగువారు ప్రతి పనివానికిని ఒకరు ఉండవలెను.